గ్రైండరు తగలని సగం

పన్నెండేళ్ళ కిందట, మార్గశిరం మొదటి వారంలో, కొత్తపేటకు ఎగువన గౌతమి గట్టు మీదున్న ఒక రేవు నుంచి నాకు కబురు వచ్చింది. పంటు తలుపు బందు పగిలింది, బండి తీసుకుని రమ్మన్నారు. రేవు పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకి పేరుతో పనిలేదు. ఆ రోజు నేను చేసిన పని ఒకటి, రెండు వారాల తరవాత చేసిన పని ఇంకొకటి. ఆ రెండింటి వల్ల ఒక మనిషి మీద తప్పు పడి, ఇన్నేళ్ళూ ఆయన మీదే ఉండిపోయింది. ఆ తప్పు నాది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పటికి నేను బండి వెల్డింగ్ మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. అంతకుముందు గల్ఫులో ఓడలు బాగుచేసే యార్డులో తొమ్మిదేళ్ళు వెల్డరుగా పనిచేశాను. తిరిగొచ్చాక ఒక పాత ట్రాలీ ఆటో కొని, దాని మీద డీజిల్‌తో నడిచే వెల్డింగ్ సెట్టు బిగించాను. గ్రైండరు, డ్రిల్లు, రాడ్ల డబ్బా, సామాన్ల పెట్టె పక్కన సర్దుకున్నాను. షాపుకి మోసుకురాగలిగిన గేట్లూ కిటికీ చువ్వలూ షాపువాళ్ళు చేస్తారు. తేలేనివి నాకు వచ్చేవి. ఇంటి ముందు కాలువ మీద వేసుకున్న ఇనప వంతెన, చేపల చెరువు తూము తలుపు, పొలంలో ఇరుసు విరిగి ఆగిపోయిన ట్రాక్టరు, పీచు మిల్లులో అరిగిన షాఫ్టు. రాజోలు నుంచి అమలాపురం, ఇటు కొత్తపేట దాకా గట్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఏ పనైనా ఒక్క పూటలో చేసిస్తానని నన్ను 'పూట నాగేశ్వరరావు' అనేవారు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. జరిగినదానికి చాలావరకు ఆ ఇష్టమే కారణం.

ఆ రోజు తెల్లవారి బయలుదేరాను. గట్టెక్కేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎడంపక్క కొబ్బరితోటలో మొదళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, తలలు లేవు. కుడిపక్క గోదావరి అసలే లేదు. తెల్లటి గోడ ఒకటి ఉంది, దాని వెనక నీళ్ళ చప్పుడు ఉంది. ఎవరో మాట్లాడుకుంటున్నారు, ఒడ్డునో నీటి మీదో తెలియడం లేదు. ఎక్కడో ఇంజను కొట్టుకుని ఆగింది. బండి ఆపి నిలబడితే, నేనే కొద్దికొద్దిగా కరిగి ఆ తెలుపులో కలిసిపోతున్నట్టు అనిపించింది. ఈ వృత్తిలో నాకు మిగిలిన జ్ఞాపకాలు చాలావరకు అలాగే ఉంటాయి. పని స్పష్టంగా గుర్తుంటుంది, దాని చుట్టూ ఉన్న ఊరు మాత్రం కలలో చూసినట్టు ఉంటుంది.

పంటు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రెండు పడవలను పక్కపక్కన చేర్చి, మీద చెక్కల బల్ల పరిచి, ఇంజను బిగిస్తే అది పంటు. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఆటోలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, అన్నీ దాని మీదే దాటతాయి. ఒడ్డుకు ఆనించాక బళ్ళు ఎక్కడానికి ముందువైపు ఒక పెద్ద ఇనప పలక దించుతారు. దాన్ని తలుపంటారు. అది రెండు బందుల మీద వేలాడుతుంది. ఒక్కో బందూ బొటనవేలంత మందమున్న ఇనప చెవి. రేవును ఏడాదికి వేలంలో పాడుకున్న ఆసామి పాటదారు. ఆయన కింద పంటు నడిపేవాడు సరంగు. సరంగు కింద తాళ్ళు విసిరే కళాసీలు. ఒడ్డున పాటదారు మాట చెల్లుతుంది గాని, నీటి మీద సరంగు మాటే మాట.

ఆ రేవులో సరంగు వీర్రాజు గారు. అప్పటికి ఆయనకి యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ముప్పై ఏళ్ళుగా అదే రేవు. ఒక్క ప్రమాదం లేదు. ఆయనకో పద్ధతి ఉండేది. పంటు నిండాక పడవ అంచున గొంతుకూర్చుని, పడవ పక్కన తారుతో గీసిన గీతకీ నీటికీ మధ్య కుడిచేతి నాలుగు వేళ్ళూ అడ్డంగా పెట్టేవారు. నాలుగు వేళ్ళూ పొడిగా ఉంటే తాడు విప్పమనేవారు. చిటికెనవేలు తడిస్తే ఒక బండి దింపించేవారు. దింపబడ్డవాళ్ళు తిట్టుకునేవారు గాని ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఎండాకాలం వానాకాలం అని లేకుండా ఆ వేళ్ళ మీదే రేవంతా దాటేది.

మంచులోంచి ముందు ఆయన చెయ్యి కనిపించింది, తరవాత ఆయన వచ్చారు. నన్ను తలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఎడమ బందు చూపించారు. పైన వెంట్రుకంత గీత ఉంది, అంతే.

ఇనుములో పగులు పైకి కనిపించినంతే ఉండదు. అది ఎంత దూరం పోయిందో తెలుసుకోవడానికి మా దగ్గర ఒక పరీక్ష ఉంది. యార్డులో దానికి ఖరీదైన రంగులు వాడేవాళ్ళం, ఇక్కడ నాకు కిరసనాయిలూ సుద్దపొడీ చాలు. కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగుల్లో దిగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లటి పొడి మీద నల్లటి గీతగా తేలుతుంది. ఆ గీత మాయమయ్యేదాకా గ్రైండరుతో గాడి తీయాలి. పగులు రెండు చివర్లా చిన్న రంధ్రాలు వేస్తే అది ఇంక పాకదు. ఆ తరవాతే వెల్డింగ్ రాడ్డు పట్టాలి. మొదటి వరస వేసి, పైన పేరుకున్న మడ్డి కొట్టి, మళ్ళీ వరస.

నేను పరీక్ష పెట్టాను. గీత తేలింది. చెవి పైభాగంలో మొదలై, పక్కకి వంగి, చెవిని తలుపుకి కలిపే గొట్టం కిందకి పోయింది. గాడి తీసి మళ్ళీ సుద్ద చల్లాను. మళ్ళీ తేలింది. చుట్టూ ఉన్న మంచే ఒకచోట నల్లగా పగిలినట్టుంది ఆ గీత. అది పూర్తిగా తీయాలంటే తలుపు విప్పి ఒడ్డుకి చేర్చి, తిరగేసి చెయ్యాలి. రెండు రోజుల పని. మూడోసారి ఇంకొంచెం గాడి తీశాను. ఈసారి సుద్ద చల్లలేదు.

వీర్రాజు గారు పక్కకొచ్చి అడిగారు. ఆయన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆపమంటే ఆపేత్తానండి. ఒక్క రోజు కాదు, నాలుగు రోజులైనా సరే. పాటదారు గారికి నేను చెప్పుకుంటాను. మీరు చూసి ఒక్క మాట చెప్పండి చాలు."

అప్పటికి రేవులో జనం చేరారు. అరటి గెలల బళ్ళు, పాలక్యాన్లు, కూరగాయల గంపలు. గంప మీద చెయ్యేసుకు కూర్చున్న ఒక ముసలావిడ నన్నే చూస్తోంది.

"ఏం బాబూ, ఒక్క పూటన్నారంట, ఈ పూటేనా? మా పూటలన్నీ ఇక్కడే గడిచిపోయేలా ఉన్నాయి."

"మంట మొదలెట్టాక ఇటు చూడకు పిన్నీ, కళ్ళు పోతాయి," అన్నాడు కళాసీ.

"ఉండి మాత్రం ఈ మంచులో ఏం కనపడతందిలే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే తడిగుడ్డతో బందు మీద మిగిలిన సుద్దపొడి తుడిచేసి, వీర్రాజు గారితో, "అక్కర్లేదండి సరంగు గారూ, మధ్యాహ్నానికి ఎక్కించుకోవచ్చు," అన్నాను. నన్నెవరూ తొందరపెట్టలేదు. ఆపడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు. పూట నాగేశ్వరరావు రెండు రోజులు తీసుకున్నాడని ఆ జనం చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అంతకు మించి కారణం లేదు.

మొహానికి అద్దం దించుకున్నాను. వెల్డింగ్ అద్దంలోంచి చూసినవాళ్ళకే ఈ సంగతి తెలుస్తుంది. అద్దం దించగానే లోకం పోతుంది. గోదావరి లేదు, జనం లేరు, నీ చేతులు కూడా లేవు. ఆకుపచ్చటి చీకట్లో చింతగింజంత వెలుగు, దాని కింద కరిగి కదిలే చిన్న మడుగు, అదొక్కటే ఉంటుంది. దాన్ని నడిపించుకుంటూ పోతుంటే చాలా ప్రశాంతంగా ఉంటుంది. ఆ మడుగు కింద ఏముందో ఆ వెలుగు చూపించదు. నేను పగులు మీద పైపైన అందమైన వరస వేశాను. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమానంగా వచ్చాయి. యార్డులో నాకు మొదటి గ్రేడు కార్డు ఇచ్చింది ఆ పొలుసులు చూసే.

అద్దం ఎత్తేసరికి మంచు విడిపోయి గోదావరి అంతా ఒక్కసారిగా బయటపడింది.

ఆ రేవులో ఒక ఆచారం ఉంది. పంటుకి ఏ బాగుచేత జరిగినా, చేసినవాడు ఆ చేసినచోట నిలబడి మొదటిసారి దాటాలి. తొలిదాటు అంటారు. వడ్రంగి అయినా, ఇంజను మెకానిక్ అయినా అంతే.

"ఎక్కండి నాగేశ్వర్రావు గారూ," అన్నారు వీర్రాజు గారు. "మాకు సర్టిఫికెట్లు తెలవ్వండి. చేసిన మనిషే ముందు నిలబడాలి. మా నాన్న కూడా వడ్రంగిని ఎక్కించకుండా పడవ కదిపేవోడు కాదు."

నీటికి పైన అడ్డంగా ఎత్తి ఆపిన తలుపు మీద, ఎడమ బందు పక్కన నేను నిలబడ్డాను. జనం ఒడ్డు మీంచి చూస్తున్నారు. నా బరువు అరవై కిలోలు. ఆ బందు మోయాల్సింది నిండిన ఆటో బరువు. అరవై కిలోలకి పగిలిన బందు కూడా ఆగుతుందని నాకు తెలుసు, వాళ్ళకి తెలియదు. నేను నిలబడటమే వాళ్ళకి రుజువు. అవతలి ఒడ్డుకి చేరేసరికి ఒక కళాసీ నా చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. అదీ ఆచారమే. పుచ్చుకున్నాను.

పదకొండో రోజు ఉదయం నేను అదే గట్టు మీద, రేవుకి బాగా దిగువన, ఒక చేపల చెరువు తూము తలుపు అతుకుతున్నాను. ఆ రోజూ మంచే. అద్దం ఎత్తి ఊపిరి పీల్చుకోవడానికి గోదావరి వైపు తిరిగితే, నీటి మీద ఒక కొబ్బరికాయ తేలుతూ వస్తోంది. దాని వెనక ఇంకొకటి. తరవాత పది. తరవాత లెక్క తెలియలేదు. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, మంచులోంచి పుట్టి మంచులోకి పోతున్నాయి. ఏటి మధ్య లంకలో ఎవరో మోకాలి లోతులో దిగి ఏరుకుంటూ ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. నేను రాడ్డు చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. అంత అందమైన దృశ్యం నా వృత్తిలో మరొకటి చూడలేదు. అది నా చేతిపని అని అప్పుడు నాకు తెలియదు.

కాసేపటికి ఫోను వచ్చింది. కొబ్బరికాయల ఆటో ఎక్కుతుండగా ఎడమ బందు తెగి, తలుపు పక్కకి ఒరిగి, ఆటో నీళ్ళలోకి జారింది. డ్రైవరుని వీర్రాజు గారే దూకి బయటికి లాగారు. డ్రైవరుకి మోచెయ్యి విరిగింది. ప్రాణాలు పోలేదు.

రెండు రోజులకి విచారణకి అధికారి వచ్చారు. ఒడ్డుకి లాగిన తలుపు నుంచి విరిగిన బందు సగం కోసి చూపించమని నన్ను పిలిచారు. ఆ చుట్టుపక్కల ఓడల మీద పనిచేసి వచ్చిన వెల్డరుని నేనే. కాబట్టి అతుకు వేసింది నేనే అయినా, అభిప్రాయం చెప్పాల్సినవాడినీ నేనే.

ఇనుము విరిగితే విరిగినచోట కథంతా ఉంటుంది. పాత పగులు లోపల నీరు దిగి తుప్పుతో నల్లబడుతుంది. అప్పటికప్పుడు తెగిన భాగం వెండిలా మెరుస్తుంది. ఆ బందులో మూడొంతులు నలుపు. పైన మాత్రం నా అతుకు, గోరంత మందాన, తళతళా మెరుస్తోంది. చదవడం వచ్చినవాడికి అది చాలు. పాత పగులు మీద పైపూత పూశారని తెలిసిపోతుంది. అక్కడ చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

అధికారి ఇంకా టీ తాగుతున్నారు. నేను ముక్క కోశాను. తరవాత గ్రైండరు ఆపకుండా, శుభ్రం చేస్తున్నట్టుగా, విరిగినచోట ఒక్కసారి తిప్పాను. నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. నిప్పురవ్వలు వంపు తిరిగి గోదాట్లో పడ్డాయి. నలుపు పోయింది. ముక్కంతా ఒకే మెరుపు. అది తీసుకెళ్ళి అధికారి ముందు పెట్టి, ఇనుము మంచిదేననీ, లోడు ఎక్కువై ఉంటుందనీ చెప్పాను. ఆయన రాసుకున్నారు. అబద్ధం చెప్పింది నేను. ఆయన నమ్మారు, అంతే.

వీర్రాజు గారు వాదిస్తారనుకున్నాను. ఆటోని ఎక్కించేముందు వేళ్ళు పెట్టి చూశాననీ, ఆటో ఎక్కినా గీత మునగదనీ అంటారనుకున్నాను. ఆయన వాదించలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చి, తన కుడిచెయ్యి తానే చూసుకుంటూ నెమ్మదిగా అన్నారు.

"మీరెక్కేరు కదండి తొలిదాటు. పాడుపనైతే మీరెందుకెక్కుతారు? నా వేళ్ళే తప్పు చెప్పుంటాయండి."

నేను రాడ్లు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆయన్ని పంటు మీంచి దింపేశారు. కొత్త బందులు నేనే వేశాను. తలుపు విప్పించి, తిరగేసి, రెండు రోజులు తీసుకుని, ప్రతి వరసకీ సుద్ద చల్లి చూసి మరీ వేశాను. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆ పనిలో పంటు వైపు మిగిలిపోయిన పాత బందు మొండెం కోసి తీయాల్సి వచ్చింది. విరుపుకి అది రెండో సగం. దానికి గ్రైండరు తగల్లేదు. నలుపు నలుపులాగే, మెరుపు మెరుపులాగే ఉంది. దాన్ని గోదాట్లో పడేసి ఉండాల్సింది. సామాన్ల పెట్టె అడుగున వేశాను. ఎందుకని ఇప్పుడడిగినా చెప్పలేను.

ఆ తరవాత పదకొండేళ్ళు బండి నడిపాను. ఎన్నో గట్లు, ఎన్నో తూములు. చాలా ఉదయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మంచు ఉన్న రోజున గోదావరి వైపు తిరిగి చూడటం మాత్రం మానేశాను.

పోయిన ఏడాది అమలాపురంలో రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. ఇంక మంట దగ్గరికి వెళ్ళొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. యాభై మూడేళ్ళకి పని చాలించాను. రామచంద్రపురం నుంచి ఒకాయన వచ్చి బండీ సామానూ తీసుకున్నాడు. పెట్టె ఖాళీ చేస్తుంటే అడుగున ఆ ముక్క తగిలింది. "ఇదేంటండి?" అని చేత్తో తూచి చూశాడు. "పాతినుమండి," అన్నాను. అతను దాన్ని తుక్కు గోతంలో వేశాడు. నేను వంగి మళ్ళీ తీసుకున్నాను. అతను వింతగా చూశాడు.

మూడో రోజున దాన్ని గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను.

వీర్రాజు గారి ఇల్లు రేవుకి కాస్త ఎడంగా, గట్టు దిగువన ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నారు. డెబ్బై దాటారు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. అది నాకు కష్టంగా ఉంది. భార్య సుబ్బలక్ష్మి గారు మంచినీళ్ళు తెచ్చారు. నేను తాగకుండా పక్కన పెట్టి, గుడ్డ విప్పి ముక్కను అరుగు మీద పెట్టాను.

"ఏంటండి ఇది?"

"ఆ రోజు విరిగిన బందులో రెండో సగం, సరంగు గారూ."

నలుపు ఏమిటో, మెరుపు ఏమిటో చెప్పాను. మెరుపు కూడా ఇన్నేళ్ళకి మాసిపోయింది గాని తేడా తెలుస్తూనే ఉంది. సుద్దలో రెండుసార్లు తేలిన గీత గురించి, మూడోసారి చల్లని సుద్ద గురించి, గ్రైండరు గురించి చెప్పాను. సగంలో ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం. ఆయన తాడు వదలకుండా విన్నారు. ముందు మాట్లాడింది సుబ్బలక్ష్మి గారు.

"మా అమ్మాయి ఊరు కపిలేశ్వరపురం బాబూ. అదిగో, అవతలొడ్డు. ఇక్కడ్నుంచి గట్టిగా పిలిత్తే దాని అత్తగారు ఆయ్ అంటాది. ఈయన పన్నెండేళ్ళుగా రావులపాలెం పోయి, వంతెన మీంచి చుట్టు తిరిగి, బస్సులో ఎల్లొత్తన్నాడు. పంటెక్కడు. సరంగు బస్సులో తిరుగుతున్నాడేంటని ఊరంతా నవ్వినా ఎక్కడు."

"నువ్వుండు," అన్నారాయన. ముక్కని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నలుపు మీద రాశారు. "ఆ ఆటోలో ఎన్ని కాయలున్నాయో ఎవరూ చెప్పలేకపోయేరండి. అన్నీ గోదాట్లో పోయేయి కదా. నేను లెక్కెట్టుకుంటానే ఉన్నాను. ఒకసారి ఎక్కువొత్తాయి. ఒకసారి సరిపోతాయి. నిద్దట్లో కూడా అవే తేల్తాయండి. ఎన్నున్నాయంటారు?"

"ఎన్నున్నా ఆగాలండి. మంచి బందు అయితే దానికి రెండింతలకి కూడా ఆగేది."

"అయితే నా వేళ్ళు?"

"మీ వేళ్ళు సరిగ్గానే చెప్పాయి."

ఆయన ముక్కని మళ్ళీ గుడ్డలో చుట్టారు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. కాసేపయ్యాక కండువా భుజాన వేసుకుని లేచారు. "ఇక్కడ చెప్పి ఎల్లిపోకండి. రేవు దాకా రండి," అన్నారు.

మాఘం చివరి రోజులు. గోదావరి మీద పల్చటి పొగలాంటిది ఉంది, నీరూ ఆకాశమూ ఒకే రంగు. ఆ మధ్యలో పంటు గాలిలో వేలాడుతున్నట్టు కనిపించింది. రేవులో ఉన్న ఏడెనిమిది మందికీ, ఇప్పటి సరంగుకీ ముక్క చూపించి మొత్తం మళ్ళీ చెప్పాను. సగంమందికి ఆ సంగతే తెలియదు. ఇప్పటి సరంగు ఆ రోజు నా చేతిలో కొబ్బరికాయ పెట్టిన కళాసీయే. అతను ముక్క వైపు చూసి, నా వైపు చూసి, "ఆ కాయ మీకిచ్చింది నేనేనండి," అన్నాడు. అంతకన్నా గట్టిగా నన్నెవరూ ఏమీ అనలేదు.

వీర్రాజు గారు నా చేతిలోంచి ముక్క తీసుకుని, కండువాలో వేసుకుని పంటు వైపు నడిచారు. చెక్కల మీద మొదటి అడుగు వేసేముందు ఆగి, కాలితో తడిమి చూసి, ఎక్కారు. అంచు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా గొంతుకూర్చున్నారు. తారుగీతకీ నీటికీ మధ్య నాలుగు వేళ్ళూ అడ్డంగా పెట్టారు. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఆయన చెయ్యి తీసి వేళ్ళు వెలుతురుకి పట్టుకుని ఒక్కొక్కటీ చూసుకున్నారు.

"ఇంకో రెండు మోటారు సైకిళ్ళు ఎక్కించుకో," అన్నారు.

"ఆయ్," అన్నాడు సరంగు. ఒడ్డున ఉన్న రెండు మోటారు సైకిళ్ళు ఎక్కాయి.

అలవాటు కొద్దీ నేనూ తలుపు మీద కాలు పెట్టబోయాను. వీర్రాజు గారు కూర్చున్నచోటి నుంచే చెయ్యి అడ్డంగా ఊపారు.

"మీరెక్కక్కర్లేదండి. ఒడ్డునే ఉండండి."

తాడు విప్పారు. తలుపు పైకి లేచింది. పంటు ఆ పల్చటి పొగలోకి పోయింది. అవతలి ఒడ్డున ఇంజను ఆగేదాకా విని, బస్సు కోసం గట్టెక్కాను. ముక్క ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఈ పని నేర్చుకుంటున్నవాళ్ళకి నేను చెప్పగలిగింది రెండే. సుద్దలో గీత తేలుతున్నంతసేపూ రాడ్డు పట్టకూడదు, పట్టినా ఆ పని మీద నిలబడి తొలిదాటు దాటకూడదు. ఏదైనా విరిగితే, విరిగినచోట గ్రైండరు పెట్టేముందు, తప్పు ఎవరి మీదకి పోబోతోందో ఆ మనిషిని పిలిచి చూపించాలి.